తెగిన మోకాటి బంధనము

సంక్రాంతి దినములలో కృష్ణానది చెంతనున్న కొల్లిపరలోనైనను, తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములలోని మరి ఏ గ్రామములోనైనను చెడుగుడు పోటీ జరిగినచో చూచుటకు జనము గుమిగూడుట పరిపాటి. కూతకు వెళ్ళిన ఆటగాడు ఎదుటి బరిలో అటునిటు తిరిగి ఒక్క పెట్టున వెనుకకు మరలును. పాదము మట్టిలో నాటుకొని యుండును. మొండెము మాత్రము తిరిగిపోవును. ఆ క్షణమున మోకాటిలో ‘టప్పు’మని చప్పుడగును. అతడు కూలబడును. రెండు మూడు గంటలలో మోకాలు కుండవలె వాచును. మరునాడు ఎక్స్‌రే తీయించగా ఎముక విరుగలేదని తేలును. ఇంటివారు గండము గడచినదని సంతోషింతురు.

మూడు నాలుగు వారములలో వాపు తీసిపోవును. నడక కుదురుకొనును. బాగైపోయినదని అందరును అనుకొందురు. కాని ఒకనాడు పొలము గట్టు దిగుచుండగానో, బస్సునుండి దిగి ప్రక్కకు తిరుగుచుండగానో ఆ మోకాలు తనంతట తాను జారిపోవును. మరికొన్నాళ్ళకు మరల అట్లే జరుగును. జారిన ప్రతిసారియు కీలులోపలి మెత్తని భాగములు నలుగును. ముప్పదియేండ్లు నిండకుండనే ఆ యువకుని మోకాలు ముదుసలి మోకాలివలె అరిగిపోవచ్చును.

విరిగిన ఎముకను కదలకుండ కట్టి యుంచినచో అది అతుకుకొనును. ఈ సంగతి వేల యేండ్లుగా అందరికి తెలిసినదే. మరి మోకాటిలో తెగిన త్రాడు ఏల అతుకుకొనదు? దానిని సరిచేయుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటకు వైద్యులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రలో తప్పుదారులు కలవు, అపజయములు కలవు. మన ప్రాంతమున పుట్టిన ఒక క్రీడాకారుని మోకాలు కూడ ఆ చరిత్రలో ఒక పుట.

మోకాటి కట్టడము

మానవ శరీరములోని కీళ్ళన్నిటిలో మోకాలు పెద్దది. పైన తొడ ఎముక, క్రింద జంఘాస్థి అనబడు కాలి పెద్ద ఎముక, ముందు మోకాటిచిప్ప ఇందు కలియును. తుంటి కీలు గిన్నెలో గుండు అమరినట్లు ఉండును గనుక అది తేలికగా తొలగదు. మోకాటికి అట్టి గిన్నె లేదు. రెండు గుండ్రని దిమ్మలు ఇంచుమించు చదునైన పీటపై నిలిచినట్లు తొడ ఎముక జంఘాస్థిపై నిలిచియున్నది. ఆ రెంటి నడుమ నెలవంకల ఆకారముగల రెండు మృదులాస్థి బిళ్ళలు మెత్తలవలె అమరియున్నవి.

ఇట్టి కీలు నిలుచుటకు ఆధారము త్రాళ్ళే. ఎముకను ఎముకతో కట్టు త్రాటికి సంధిబంధనము, లేదా లిగమెంటు అని పేరు. కండరమును ఎముకతో కట్టు త్రాడు వేరు. దానిని స్నాయువు, లేదా టెండన్ అందురు. మోకాటిలో ముఖ్యమైన బంధనములు నాలుగు. లోపలి ప్రక్కన ఒకటి, వెలుపలి ప్రక్కన ఒకటి ఉండి కీలు ప్రక్కలకు విచ్చుకొనకుండ ఆపును. కీలు నడిమధ్యమున మరి రెండు ఒకదానినొకటి కత్తెర పట్టివలె దాటుచు పోవును. వీటికి స్వస్తిక బంధనములని పేరు. ముందరి స్వస్తిక బంధనము జంఘాస్థి ముందునకు జారకుండ, మెలి తిరుగకుండ ఆపును. వెనుకటిది జంఘాస్థి వెనుకకు పోకుండ ఆపును. ఇవిగాక కీలు వెలుపలి వెనుక మూలలో చిన్న బంధనములు, స్నాయువులు కొన్ని కలిసి ఒక గుంపుగా పనిచేయును.

ముందరి స్వస్తిక బంధనము పొడవు మూడు సెంటీమీటర్లకు కొంచెము ఎక్కువ, వెడల్పు చిటికెనవ్రేలంత. అయినను యౌవనములో దీనిని తెంపుటకు సుమారు 2,000 న్యూటన్ల బలము, అనగా 200 కిలోల బరువు వ్రేలాడదీసినంత బలము కావలెను. పరుగెత్తుచు ఒక్కసారిగా ఆగి తిరుగునప్పుడు మన బరువు, మన వేగము, మన కండరముల లాగుడు ఏకమై ఆ బలమును పుట్టింపగలవు. అందువలననే ఎవరును తాకకుండనే ఈ బంధనము తెగుట తరచుగా జరుగుచున్నది.

పూర్వులు ఎరిగినది

మోకాటి దెబ్బ మనిషిని కుంటివానిని చేయునని మన పూర్వులకు తెలియును. సుశ్రుత సంహితలో మర్మస్థానములను వర్ణించిన చోట పిక్కకు, తొడకు నడుమనున్న సంధిని జాను మర్మమని పేర్కొని, అచట గాయమైనచో కుంటితనము కలుగునని చెప్పబడినది. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో గేలెన్ అను గ్రీకు వైద్యుడు పెర్గమమ్ నగరములో ద్వంద్వయుద్ధములు చేయు మల్లులకు చికిత్స చేసెను. కీలును నిలబెట్టి, దాని కదలికకు హద్దు ఏర్పరచునవి బంధనములేయని అతడు గ్రహించెను.

ఆ తరువాత చాలకాలము ఈ జ్ఞానము పెరుగలేదు. 1836లో జర్మనీలోని గటింగెన్‌లో విల్‌హెల్మ్ వెబర్, ఎడ్వర్డ్ వెబర్ అను సోదరులు మనిషి నడకను యంత్రశాస్త్ర దృష్టితో పరీక్షించి ఒక గ్రంథము ప్రకటించిరి. శవముల మోకాళ్ళలో స్వస్తిక బంధనములను కోసి చూచినప్పుడు జంఘాస్థి ముందువెనుకలకు అసహజముగా జారుటను వారు వర్ణించిరి. ఏ త్రాడు ఏ కదలికను ఆపుచున్నదో తెలియుటకు ఒక్కొక్క త్రాటినే కోసి చూచు ఈ పద్ధతిని పరిశోధకులు నేటికిని అనుసరించుచున్నారు.

1850లో ఎడింబరోకు చెందిన జేమ్స్ స్టార్క్ అను వైద్యుడు బ్రతికియున్న రోగులలో స్వస్తిక బంధనములు తెగిన రెండు సందర్భములను వివరించెను. అతడు చేయగలిగినది కాలిని కదలకుండ కట్టి యుంచుట మాత్రమే. మత్తుమందు అప్పుడప్పుడే వచ్చినది. సూక్ష్మజీవులను చంపు పద్ధతులు ఇంకను రాలేదు. ఆ రోజులలో మోకాలు కోసి తెరచినచో చీము పట్టి కాలు పోవుటయో, ప్రాణము పోవుటయో జరిగెడిది. కనుక కీలులోపలి త్రాటిని కుట్టవలెనను తలంపునకు తావులేకుండెను.

గని పనివాని మోకాలు

లిస్టర్ సూక్ష్మజీవ నాశక పద్ధతి 1867లో వెలువడిన తరువాత ఈ పరిస్థితి మారినది. 1895లో ఇంగ్లండులోని లీడ్స్ నగరములో ఆర్థర్ మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుని వద్దకు 41 ఏండ్ల బొగ్గుగని పనివాడు వచ్చెను. గనిలో మట్టి విరిగిపడి అతని మోకాలు దెబ్బతిని అప్పటికి నెలలు గడచినవి. మోకాలు నిలువక, పనికి పోవుటకు వీలులేకుండెను. రాబ్సన్ కీలు తెరచి చూడగా ముందరిదియు వెనుకటిదియు, రెండు స్వస్తిక బంధనములును తెగియుండెను. నేటి మాటలలో చెప్పవలెనన్న ఇది బహుబంధన గాయము, అనగా మోకాటి గాయములలో మిక్కిలి జటిలమైనది.

రాబ్సన్ ఆ తెగిన కొసలను పశువుల ప్రేగులనుండి తయారగు క్యాట్‌గట్ దారముతో కుట్టివేసెను. కొన్ని సంవత్సరములైన పిమ్మట రోగిని మరల పరీక్షించి, అతడు కుంటకుండ నడచుచున్నాడని 1903లో ప్రకటించెను. ఈ విషయము ఎందరికో ఆశ కలిగించినది. బంధనము తెగినచో కుట్టవలెను, కుట్టినచో అతుకుకొనును. ఇంతకంటె సులభమైన సూత్రము ఏమున్నది?

1938లో స్టాక్‌హోమ్‌కు చెందిన ఐవార్ పామర్ మోకాటి బంధనముల గాయములపై పెద్ద గ్రంథము వ్రాసి, వెంటనే శస్త్రచికిత్స చేయుట మేలని వాదించెను. 1950లో అమెరికాలోని ఓక్లహోమాలో డాన్ ఓ’డనహ్యూ ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు గాయమైన కొలదిదినములలోనే తెగిన బంధనములన్నిటిని కుట్టి, మంచి ఫలితములు వచ్చినవని ప్రకటించెను. లోపలి ప్రక్క బంధనము, ముందరి స్వస్తిక బంధనము, నెలవంక బిళ్ళ ఈ మూడును ఒకేసారి దెబ్బతినుటను అతడు ‘దుఃఖత్రయము’ అను అర్థమిచ్చు పేరుతో పిలిచెను.

అయితే ఫలితమును ఎప్పుడు కొలువవలెను? గాయము మానిన మరుసటి యేడా, లేక అయిదేండ్ల తరువాతనా? అమెరికా సైనిక విద్యాలయమైన వెస్ట్ పాయింటులో ముందరి స్వస్తిక బంధనము కుట్టించుకొన్న యువకులను ఫేగిన్, కర్ల్ అను వైద్యులు అయిదేండ్ల తరువాత మరల పరీక్షించి 1976లో ఫలితములు ప్రకటించిరి. మొదట బాగున్న మోకాళ్ళలో చాలభాగము మరల జారుచుండెను. పలువురికి నొప్పి, వాపు తిరిగి వచ్చెను. తమ చేతితో చేసిన చికిత్స నిలువలేదని వైద్యులే ఒప్పుకొని లోకమునకు తెలుపుట విజ్ఞానశాస్త్రమునకు గొప్ప మేలు చేసినది. ఆ నిజము బయటపడకుండిన ఇంకను ఎందరి మోకాళ్ళో అట్లే కుట్టబడి యుండెడివి.

కుట్టు ఏల నిలువదు?

చేతిమీద గాయమైనప్పుడు రక్తము కారి గడ్డకట్టును. ఆ గడ్డ రెండు అంచుల నడుమ తాత్కాలికమైన వంతెనవలె నిలుచును. దానిమీదుగా కణములు ప్రాకివచ్చి క్రొత్త కణజాలము అల్లును. ఎముక అతుకుటకును ఇదియే నాంది. మోకాటి లోపలి ప్రక్క బంధనము కీలు వెలుపల ఉన్నది. అది తెగినప్పుడు కూడ ఇట్లే గడ్డ ఏర్పడును. అందువలన ఆ బంధనము చాలమందిలో ఆపరేషను లేకుండనే పట్టీ సాయముతో మానును.

స్వస్తిక బంధనముల స్థితి వేరు. అవి కీలు నడిమధ్యమున, కీలును తడిపెడు జిగట ద్రవమునకు అందుబాటులో ఉన్నవి. తెగినప్పుడు కారిన రక్తము ఆ ద్రవములో కలిసిపోవును. అందలి ఎంజైములు గడ్డను నిలువనీయవు. వంతెన లేనప్పుడు కణములు దాటు దారి ఏది? ముందరి బంధనపు కొసలు విడివిడిగానే యుండి క్రమముగా కుంచించుకొనిపోవును. రాబ్సన్ దారము బలహీనమైనది కాదు. దారము పట్టి యుంచిన చోట వంతెన లేదు. గాయము మానుటకు కొసలు దగ్గరకు చేరుట మాత్రమే చాలదు.

క్రొత్త త్రాడు

కుట్టుట కాదు, తెగినదాని చోట మరియొక త్రాటిని అమర్చుటయే దారియని కొందరు ముందే తలచిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, ఇంగ్లండులోని బ్రిస్టల్‌కు చెందిన ఎర్నెస్ట్ హే గ్రోవ్స్ అను శస్త్రవైద్యుడు రోగి తొడ వెలుపలి ప్రక్కనున్న గట్టి పొరనుండి ఒక పట్టీని తీసి, ఎముకలలో తొలిచిన సొరంగముల గుండ పోనిచ్చి, పాత బంధనము ఉండిన చోటుననే క్రొత్త బంధనము ఏర్పరచెను. 1920లో 14 మంది రోగుల వృత్తాంతము ప్రకటించెను. ఎముకలో సొరంగము తొలిచి అందుగుండ రోగి సొంత కణజాలమును పోనిచ్చుట నేటి శస్త్రచికిత్సకు కూడ పునాది.

1963లో అమెరికాకు చెందిన కెనెత్ జోన్స్ మోకాటిచిప్ప క్రిందనున్న బలమైన స్నాయువులో నడిమి మూడవ వంతును, దానిని అంటియున్న చిప్ప ఎముక ముక్కతో సహా తీసి వాడెను. తరువాత దానిని రెండు కొసలను ఎముక ముక్కలుండునట్లు తీయుట అలవాటైనది. సొరంగములో ఎముక ఎముకతో అతుకుకొనును గనుక పట్టు త్వరగా బిగియును. 1980ల నుండి తొడ వెనుకభాగమున లోపలి ప్రక్కనున్న రెండు సన్నని స్నాయువులను తీసి, మడిచి, నాలుగు పేటల త్రాడుగా చేసి అమర్చుటయు వ్యాప్తిలోనికి వచ్చినది. నాలుగు పేటల త్రాడు మొదటి దినమున అసలు బంధనముకంటెను బలమైనదిగానే యుండును.

మన శరీరమునుండి తీయుట ఎందులకు, యంత్రశాలలో త్రాడు చేయరాదా అని 1970, 1980లలో పలువురు ప్రయత్నించిరి. కర్బన నార, పాలియెస్టరు మొదలగువానితో చేసిన బంధనములు వాడబడినవి. రోగి కొద్దివారములలోనే పరుగెత్తగలిగెను. కాని జీవములేని త్రాడు రాపిడికి అరుగును, అరిగినదానిని తిరిగి కట్టుకొనలేదు. అరిగిన పొడి కీలులో చేరి వాపు పుట్టించెను, త్రాళ్ళు తెగెను. వానిలో చాలభాగము వాడుకనుండి తొలగిపోయినవి.

రోగి సొంత స్నాయువు అట్లు కాదు. అమర్చినప్పుడు దానికి రక్తప్రసారము లేదు. అందలి కణములు చనిపోవును. మిగిలినది నారల కట్టడము. పందిరిమీదికి తీగ ప్రాకినట్లు చుట్టుప్రక్కల కణములు, రక్తనాళములు ఆ నారలపైకి క్రమముగా ప్రాకును. నెలలు గడచిన కొలది స్నాయువు బంధన లక్షణములను పొందును. 1986లో అమీల్ మొదలగు పరిశోధకులు కుందేళ్ళలో ఈ మార్పును గమనించి దానికి ‘బంధనీకరణము’ అను అర్థముగల పేరు పెట్టిరి.

ఇందు ఒక మెలిక కలదు. కణములు చనిపోయి, క్రొత్తవి పూర్తిగా చేరని కాలమున, అనగా సుమారు ఆరవ వారము మొదలు పండ్రెండవ వారము వరకు, ఆ త్రాడు మిక్కిలి బలహీనముగా నుండును. సరిగా ఆ కాలముననే రోగికి నొప్పి తగ్గి, నడక చక్కబడి, ఆడవలెనను కోరిక పుట్టును. మోకాలు బాగున్నదని రోగికి తోచుట వేరు, బంధనము గట్టిపడుట వేరు.

కీలులోనికి చూచు కన్ను

తొలినాటి శస్త్రచికిత్సలలో మోకాలును పొడవుగా కోసి, చిప్పను ప్రక్కకు తప్పించి లోపల పనిచేయవలసి వచ్చెడిది. ఆపై వారములకొలది పిండికట్టు. తీరా కట్టు విప్పునప్పటికి కండరములు కృశించి, కీలు బిగుసుకొని యుండెడిది.

1918లో టోక్యోలో కెంజి టకాగి అను వైద్యుడు మూత్రాశయములోనికి చూచుటకు వాడు గొట్టమును ఒక శవపు మోకాటిలో ప్రవేశపెట్టి చూచెను. ఆనాటి జపానులో మోకాటి క్షయ ఎక్కువ. దానిని కోయకుండ కనుగొనుట అతని కోరిక. అతని శిష్యుడు మసాకి వతనబే 1950ల చివర ఈ పరికరమును బాగుచేసి, 1962లో దాని సాయముతో నలిగిన నెలవంక బిళ్ళలో కొంతభాగమును తొలగించెను. సంధిదర్శిని, లేదా ఆర్థ్రోస్కోపు అనబడు ఈ పరికరముతో ముందరి స్వస్తిక బంధనమును అమర్చుట 1980లో ఇంగ్లండులో డేవిడ్ డాండీ ప్రారంభించెను. వ్రేలి గోరంత రంధ్రములు రెండు మూడు చాలును. ఒకదానిగుండ కన్ను, వేరొకదానిగుండ పనిముట్టు.

గాయమును గుర్తించుటయు మెరుగుపడినది. ఎక్స్‌రేలో ఎముక కనబడును గాని బంధనము కనబడదు. ఫిలడెల్ఫియాకు చెందిన జాన్ లాక్‌మన్ అను వైద్యుడు నేర్పిన పరీక్షను 1976లో అతని శిష్యుడు టార్గ్ వర్ణించెను. మోకాలును కొంచెము వంచి, ఒక చేత తొడను పట్టుకొని, రెండవ చేత జంఘాస్థిని ముందునకు లాగవలెను. బంధనము బిగువుగా నున్నచో లాగుడు ఠక్కున ఆగును. తెగినచో ఆగకుండ జారును. దీనికి రెండు చేతులు తప్ప వేరు పరికరము అక్కరలేదు. 1980ల నుండి వాడుకలోనికి వచ్చిన ఎం.ఆర్.ఐ. పరీక్ష బంధనములను, బిళ్ళలను చిత్రముగా చూపుచున్నది.

నాగండ్ల బాలుడు

మన రాష్ట్రములో ఎముకల వైద్యము ఈ కాలముననే విస్తరించినది. 1946లో గుంటూరు వైద్య కళాశాల ఏర్పడినది. 1960లలో హైదరాబాదు పంజగుట్టలో ఎముకల వైద్యమునకై ప్రత్యేకముగా నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి వెలసినది; తరువాత అదియే నిజాం వైద్యవిజ్ఞాన సంస్థగా పెరిగినది. సంధిదర్శినితో చేయు చికిత్స 1990ల నాటికి మన దేశపు పెద్ద నగరములలో ప్రవేశించినది.

కొల్లిపరకు నైరృతి దిక్కున, నేడు బాపట్ల జిల్లాలోనున్న నాగండ్ల గ్రామములో 1973లో పుల్లెల గోపీచంద్ జన్మించెను. బ్యాడ్మింటన్ ఆటలో పేరు తెచ్చుకొనుచున్న దినములలో, 1994లో, పుణెలో జరిగిన జాతీయ క్రీడలలో జంటల ఆట ఆడుచుండగా అతని ముందరి స్వస్తిక బంధనము తెగినది. బ్యాడ్మింటన్‌లో ప్రతి దెబ్బకును పరుగు, ఎగురు, ఆగు, తిరుగు. ఈ నాలుగింటిని కాపాడు త్రాడే తెగినది. ఒకటికంటె ఎక్కువసార్లు ఆ మోకాటికి శస్త్రచికిత్స జరిగినది.

1996లో అతడు జాతీయ విజేత అయ్యెను. 2000 వరకు వరుసగా అయిదేండ్లు ఆ పదవిని నిలుపుకొనెను. 1998లో కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడలలో పతకములు గెలిచెను. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్ పోటీ తుది ఆటలో చైనాకు చెందిన చెన్ హాంగ్‌ను 15–12, 15–6 తేడాతో ఓడించెను. 1980లో ప్రకాశ్ పదుకోణ్ తరువాత ఆ బిరుదు గెలిచిన భారతీయుడు అతడొక్కడే. తరువాత శిక్షకుడై హైదరాబాదులో ఒక విద్యాలయము నెలకొల్పెను. అతని శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో ఒలింపిక్ కాంస్యమును, పి.వి. సింధు 2016లో రజతమును సాధించిరి.

రాబ్సన్ గని పనివాడు మరల నడువగలుగుటయే 1895లో వింతగా తోచినది. నూరేండ్లకు తరువాత బంధనము తెగిన మోకాటితో ఆల్ ఇంగ్లండ్ విజేత కాగలిగిన కాలము వచ్చినది. శస్త్రవైద్యుని చేయి కొన్ని గంటలపాటు పనిచేసినది. మిగిలిన ఏడేండ్లు పనిచేసినది ఆటగాని ఓర్పు.

జటిలమైన గాయములు

ఒక్క బంధనము తెగుట ఒక యెత్తు. రెండు మూడు ఒకేసారి తెగుట మరియొక యెత్తు. మోటారు సైకిలు ప్రమాదములలో, ఎత్తునుండి పడినప్పుడు మోకాలే తొలగిపోవచ్చును. ఒక్కొక్కప్పుడు తొలగిన ఎముకలు ప్రమాదస్థలముననే తిరిగి తమ చోటికి వచ్చును. ఆసుపత్రికి చేరునప్పటికి ఎక్స్‌రేలో ఎముకలు సరిగానే కనబడును. ఇదియే మోసము.

మోకాటి వెనుక గుంటలో కాలికి రక్తము కొనిపోవు ముఖ్యమైన ధమని కలదు. అది కీలుకు పైనను క్రిందను గట్టిగా బిగింపబడి యున్నది. మోకాలు తొలగినప్పుడు ఆ ధమని సాగి చిరుగవచ్చును. రెండవ ప్రపంచయుద్ధపు గాయములను పరిశీలించి డిబేకీ, సిమియోన్ అను అమెరికన్ వైద్యులు 1946లో ప్రకటించిన లెక్కలో, ఈ ధమని దెబ్బతిన్న సైనికులలో నూటికి 70 మందికి పైగా కాలు కోల్పోయిరి. కొరియా యుద్ధకాలమున ధమనిని కట్టివేయుటకు మారుగా కుట్టి బాగుచేయగా ఆ సంఖ్య సగమునకంటె తగ్గినది. ఇందు గడియారమే శత్రువు. సుమారు ఆరు గంటలకు మించి రక్తము అందనిచో కండరములు చనిపోసాగును. కనుక మోకాలు తీవ్రముగా దెబ్బతిన్నవానికి పాదపు నాడి చూచుట, పాదము చల్లబడినదా, పాలిపోయినదా, వ్రేళ్ళు పైకెత్తగలుగుచున్నాడా అని చూచుట మొదటి పని. బంధనముల సంగతి ఆ తరువాత.

1994లో అమెరికాకు చెందిన షెంక్, తొలగిన మోకాళ్ళను ఎన్ని బంధనములు తెగినవో దానినిబట్టి తరగతులుగా విభజించెను. దానివలన వేరువేరు ఊళ్ళలోని వైద్యులు ఒకే భాషలో ఫలితములు పోల్చుకొనగలిగిరి. వారు నేర్చిన ముఖ్య పాఠమొకటి కలదు. ముందరి బంధనము మాత్రము అమర్చి, వెలుపలి వెనుక మూలలోని గాయమును గమనింపక విడిచినచో, క్రొత్త త్రాడు తన పనినేగాక ప్రక్కవాని పనిని కూడ మోయవలసి వచ్చి సాగిపోవును, లేదా తెగును. పందిరి గుంజలు నాలుగింటిలో మూడు ఊగుచుండగా ఒక్కదానిని పాతినంత మాత్రమున పందిరి నిలువదు గదా! అందుచేత ఇట్టి మోకాటికి తెగినవానినెల్ల లెక్కించి, ఒకేసారియో, క్రమముగనో, అన్నిటిని సరిచేయుట నేటి పద్ధతి.

ఆపరేషను అందరికి అవసరమా?

ఒక్క ముందరి బంధనము తెగినవారందరికి శస్త్రచికిత్స తప్పదని చెప్పరాదు. స్వీడన్‌లో ఫ్రోబెల్ మొదలగువారు 121 మంది యువజనులను రెండు జట్లుగా చేసి 2010లో ఫలితములు ప్రకటించిరి. ఒక జట్టుకు వెంటనే శస్త్రచికిత్స, వ్యాయామ చికిత్స. రెండవ జట్టుకు మొదట వ్యాయామ చికిత్స, అవసరమైనచోనే శస్త్రచికిత్స. ఈ రెండవ జట్టులోని 59 మందిలో 36 మందికి రెండేండ్ల వరకు శస్త్రచికిత్స అవసరము కలుగలేదు. తొడ కండరములు బలపడినచో అవి తెగిన త్రాటి పనిలో కొంత మోయును. మరల ఆటలాడవలసినవారికి, మోకాలు మాటిమాటికి జారువారికి, బహుబంధన గాయములవారికి శస్త్రచికిత్స అవసరమగును.

శస్త్రచికిత్స అయినను ఓర్పు తప్పదు. నార్వే, అమెరికా పరిశోధకులు 106 మందిని గమనించి 2016లో తెలిపినదేమనగా: తొమ్మిది నెలలు నిండు వరకు, ఆటకు తిరిగిపోవుటను ఒక్కొక్క నెల వాయిదా వేసిన కొలది మోకాలు మరల గాయపడుట సుమారు సగమునకు తగ్గుచు వచ్చెను. పందిరికి తీగ ప్రాకు వేగమును ఎవరును పెంచలేరు.

పాత ఆలోచనకు క్రొత్త రూపము

తెగిన బంధనమునే అతికించవలెనను రాబ్సన్ కోరిక కూడ నశింపలేదు. రక్తపు గడ్డ నిలువకపోవుటయే అడ్డంకి యైనచో, ఆ గడ్డను నిలిపి చూడరాదా అని బోస్టన్‌కు చెందిన మార్తా మర్రే ప్రశ్నించెను. రోగి రక్తముతో తడిపిన ఒక మెత్తని స్పాంజిని తెగిన కొసల నడుమ ఉంచి కుట్టు పద్ధతిని ఆమె బృందము రూపొందించినది. 2020 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ శాఖ దీనికి అనుమతి ఇచ్చినది. లేని వంతెనను స్పాంజి కట్టిపెట్టును. 1895లో చేయి ముందు నడచినది; కారణము తెలియుటకు నూరేండ్లు పట్టినది.

కొల్లిపర చెడుగుడు బరిలో ‘టప్పు’మని చప్పుడు విన్న ఆటగాని సంగతి మరల తలచుకొందము. అతని ఎముక విరుగలేదు గనుక ఏమియు కాలేదనుకొనుట మొదటి పొరపాటు. వాపు తీసినది గనుక బాగైనదనుకొనుట రెండవ పొరపాటు. మెలి తిరిగిన మోకాలు కొద్ది గంటలలో వాచినచో లోపల రక్తము కారినదని అర్థము. దానికి కారణము తరచుగా ముందరి బంధనము తెగుటయే. అట్టివానిని ఆ వారములోనే ఎముకల వైద్యుని రెండు చేతులు పరీక్షించవలెను. పాదము చల్లబడినచో వారము కాదు, గంట కూడ ఆగరాదు.

బడి ఆటస్థలములో బాలుడు మోకాలు పట్టుకొని కూలబడినప్పుడు మొదట చేరువారు వైద్యులు కారు. వ్యాయామోపాధ్యాయుడును, తోటి విద్యార్థులును. సుశ్రుతుడు చెప్పిన కుంటితనము ఆ బాలునికి రాకుండుట వారు ఆ పూట ఏమి గమనింతురో, ఎక్కడికి పంపుదురో అను దానిపై చాలవరకు ఆధారపడి యున్నది.